ఇంటి వైపు తిప్పిన తెడ్డు

మా అప్ప గుమ్మంలో నిలబడి నన్ను కిందికీ పైకీ చూసి మొదట అడిగిన మాట, "మరదలేదిరా?"

అక్కని మా ఉద్దానం తీరంలో అప్ప అంటాం. విశాఖలో ఓడెక్కి, తిన్నదంతా సముద్రానికి ఒప్పజెప్పి, అండమాన్‌లో దిగి, రోజంతా బస్సులో ఉత్తరానికి పోయి, అక్కణ్ణుంచి ఇంజను బోటులో ఆ చిన్న దీవికి చేరాను. అంత దూరం వచ్చిన తమ్ముణ్ణి బాగున్నావా అని అడుగుతుందనుకున్నాను. నా వెనక మా ఆవిడ కోసం వెతికింది.

"దానికి పరీక్షల డ్యూటీలున్నాయి అప్పా," అన్నాను.

"ఆ పరీచ్చలు లేనప్పుడు రావాలని తెలీదేటి? దాన్ని అడిగి బయల్దేరేవా, టికెట్టు తీసేక సెప్పేవా?"

టికెట్టు తీశాకే చెప్పాను. అది అప్పకి ఎలా తెలిసిందో నేను అడగలేదు. నా సంగతి అప్పకి కొత్త కాదు.

మా సొంతూరు భావనపాడు దాటాక ఉత్తరంగా, ఇసకలో ఉంటుంది. నాన్న తెప్ప మీద తెరచాపెత్తి వేటకి పోయేవాడు. నేను చదువుకుని పలాసలో గుమస్తానయ్యాను. అప్పని భావనపాడు కుర్రాడికిచ్చారు. మా తీరం నుంచి వలల పనికి అండమాన్ పోయి అక్కడే ఉండిపోయిన వాళ్లలో మా బావ ఒకడు. వాళ్లుండే దీవి పెద్ద దీవికి తూర్పున, విడిగా, కొబ్బరిచెట్లూ కొన్ని ఇళ్లూ ఒక చిన్న రేవూ తప్ప ఇంకేం లేకుండా ఉంటుంది.

నేను వచ్చింది అప్పని పిలవడానికి. కొన్నేళ్లకోసారి మా ఊళ్లో అమ్మవారి సంబరం జరుగుతుంది. ఆ సంబరంలో ప్రతి ఇంటి ఘటాన్నీ ఆ ఇంటి ఆడపడుచే నెత్తిన పెట్టుకుని గుడికి నడవాలి. ఆడపడుచుని ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. పోయినసారి నేను ఏం చేశానంటే, సంబరం కార్డు ఫోటో తీసి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆఫీసులో సర్క్యులర్ పంపితే అందరికీ తెలిసినట్టే. ఇంట్లోనూ అదే పద్ధతి నడిపాను. అప్ప రాలేదు. మా ఘటాన్ని పక్కింటి ఆడపడుచు, తమ ఘటం దించి మళ్లీ వెనక్కొచ్చి మోసింది. పెద్దలు "మీ ఆడపడుచు ఏదిరా?" అంటే ఓడ టికెట్లు దొరకలేదట అన్నాను. ఆ మాట సముద్రం దాటి అప్ప చెవిన పడటానికి ఎంతోసేపు పట్టలేదు.

అప్పట్నించీ అప్ప ఫోనులో పిల్లల గురించి అడిగేది, నా బీపీ మాత్రల గురించి అడిగేది. ఇంటికి రమ్మంటే మాత్రం "ఆ గడప నాను తొక్కను" అనేది. ఈసారి సంబరం దగ్గరపడింది. అప్ప రాకపోతే మా ఇంటి ఘటం మళ్లీ పరాయి నెత్తి మీద పోతుంది. అది నావల్లే అని ఊరందరికీ తెలుసు. నాకు అందరికన్నా బాగా తెలుసు.

కాళ్లు కడుక్కుని లోపలికెళ్లి సంచీ విప్పాను. చీర, గాజులు, జీడిపప్పు తీసి చాప మీద పెట్టాను. చివర్న కుంకుమ భరిణె తీసి అప్ప ముందుకు చాపాను.

అప్ప దాన్ని ముట్టుకోలేదు. "ఏటది? కొరియరా?"

"పిలుపు అప్పా."

"మగోడివి, నువ్వొచ్చి బరిణి సేతికిత్తే పిలుపైపోద్దేటి? బొట్టెవలెడతారు? నువ్వెడతావా? సంతకం ఎట్టమంటావా నన్ను, అందినట్టు?"

వెనక నుంచి మా బావ పెద్దగా నవ్వాడు. బావ నవ్వితే గడపకి వేలాడేసిన గవ్వల దండ కూడా కదులుతుంది. "బావా, పలాస నుంచి సారె మోసుకొచ్చేవు గానీ, బొట్టెట్టే సెయ్యి మరిసిపోయి వచ్చేవు," అన్నాడు.

నాకు నిజంగా తట్టలేదు. బొట్టు ఆడవాళ్లు పెట్టాలన్నది చిన్నప్పట్నించీ చూస్తూనే ఉన్నాను. కానీ సామాను సర్దేటప్పుడు ఏమేం పట్టుకెళ్లాలో ఆలోచించాను తప్ప, ఎవరు రావాలో ఆలోచించలేదు. నా ఆలోచనలు చాలావరకు అలాగే ఉంటాయి. సామాను దగ్గర మొదలై సామాను దగ్గరే ఆగిపోతాయి.

అప్ప భోజనం మాత్రం కొసరి కొసరి వడ్డించింది. కోపం వేరు, కూర వేరు మా ఇంట్లో. కొబ్బరి పాలు పోసి వండిన చేపల పులుసు నేను మూడోసారి కలుపుకుంటుంటే బావ అప్పని మెల్లగా కదిపాడు.

"ఇదిగో, నీ సంగతి తరవాత. ఈ దీవుల్లో మీ ఊరి ఆడపిల్లలు ఇంకా ఇద్దరున్నారు కదా. పిన్నమ్మ ఉంది, నీ నేస్తం ఉంది. ఊరి నుంచి వచ్చినోడు ఈడొక్కడే, ఆళ్ల పిలుపు మాటేటి?"

అప్ప నావైపు చూసింది. "ఆళ్లకి సెప్పేవా?"

"గ్రూపులో..." అని మొదలెట్టి ఆగిపోయాను.

"ఓలమ్మో, మళ్లీ గ్రూపే!" అప్ప గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఆళ్ల తప్పేటుంది ఇందులో? రేపు నానే వత్తాను. ఆ ఇంటి ఆడపిల్లనే గదా, మీ ఇంటి తరపున నానే బొట్టెట్టి పిలుత్తాను ఆళ్లని. ఆళ్లు వత్తారు. నాను మట్టుకు రాను. సరేనా?"

సరే అన్నాను.

తెల్లారి రేవులోకి వెళ్లేసరికి బావ బోటు సిద్ధం చేస్తున్నాడు. ఫైబర్ బోటే, వెనక ఇంజనూ ఉంది. కానీ మధ్యలో వెదురు కొయ్య నిలబెట్టి దానికో తెరచాప కట్టి ఉంది. చాప అంటే మా చిన్నప్పటి గుడ్డ చాప కాదు. ఏదో నగల కొట్టు పెద్ద ఫ్లెక్సీ. గాలికెత్తగానే ఒక పెళ్లికూతురు తలకిందులుగా నవ్వుతూ విప్పుకుంది. గడ్డం పైకి, పాపిటబిళ్ల కిందికి.

"ఇంజను ఉండగా ఇదెందుకు బావా?" అన్నాను.

"మీ అప్పకి ఆ పొగ పడదు. పడవెక్కితే సాలు, కక్కుకుంటాది. సాపెత్తితే రాణిలాగ కూకుంటాది. ఇంజను మొరాయించే గాలికి, సాప మీ అప్పకి."

రేవులో పోలీసు దగ్గర మా పేర్లు రాయించి బయల్దేరాం. అప్ప కొత్త చీర కట్టుకుని, భరిణె కొంగున ముడేసుకుని, పెళ్లికూతురు నీడలో కూర్చుంది. ఈశాన్యం గాలి వెనక నుంచి నెమ్మదిగా తోస్తోంది. నీళ్ల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నాకు అలవాటైన సముద్రం అది కాదు. మా తీరంలో కెరటం దాటడమే సగం ప్రయాణం. బోటు తోస్తూ, తిట్టుకుంటూ, తడిసి ముద్దయి బయటపడాలి. నీళ్లు ఎప్పుడూ మట్టిరంగే. ఇక్కడ ఒడ్డు దగ్గర నీళ్లు లేత ఆకుపచ్చ. కింద రాళ్లూ, వాటి మధ్య పసుపు చారల చేపలూ కనిపిస్తున్నాయి. ఆ రాళ్లు దాటగానే నీళ్లు ఒక్కసారి సిరా రంగులోకి దిగిపోయాయి. కొంచెం దూరం పోయాక చిన్న చేపలు గుంపుగా నీళ్లలోంచి లేచి, పిచికల్లా ఎగిరి, మళ్లీ నీళ్లలో పడ్డాయి.

"ఇది సముద్రమా బావా? మా నౌపడా తంపరలో ఇంతకన్నా అలలుంటాయి," అన్నాను. తంపర అంటే వాన నీళ్లు, పోటు నీళ్లు కలిసి నిలిచే బురద మడుగు. ఎందుకన్నానో తెలీదు. ఆనందంగా ఉన్నప్పుడు కూడా దేన్నో తక్కువ చెయ్యకపోతే నాకు తోచదు.

అప్ప అంది: "ఓడలో కక్కుకున్నోడు సెప్తన్నాడు, ఇనుకో."

పిన్నమ్మ ఉండే దీవి నైరుతిగా, పెద్ద దీవికి కాస్త దగ్గరగా ఉంది. సొంత పిన్ని కాదు, ఊరి వరస; మా ఊరి నుంచి అందరికన్నా ముందు ఈ నీళ్లు దాటి వచ్చింది ఆవిడే. పళ్లు చాలావరకు పోయాయి. ఒడ్డున నిలబడి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరం నుంచే అరిచింది.

"ఎవలే ఆ తలకిందుల పెళ్లికూతురు! నువ్వా?"

"నానే పిన్నీ! సంబరానికి పిలవడానికొచ్చేం!"

పిన్నమ్మ మంచం వాకిట్లోకి లాగించి, కాళ్లు కిందపెట్టి, కొంగు సర్దుకుని కూర్చుంది. అప్ప ఆవిడ పాదాలకి పసుపు రాసి, నుదుట బొట్టు పెట్టి, "పిన్నీ, అమ్మవారి సంబరానికి మన ఊరు రావాలి. నీ ఘటం నువ్వే మొయ్యాలి," అంది. ఆ ముక్కలు చెబుతున్నప్పుడు అప్ప గొంతు మారింది. మా అమ్మ గొంతు అది. నేను పక్కన జీడిపప్పు పొట్లం పట్టుకుని నిలబడ్డాను.

"వత్తానే. మోకాళ్లు రాకపోయినా నానొత్తాను," అంది పిన్నమ్మ. తర్వాత నావైపు తిరిగి, "ఈడు మీ తమ్ముడేనా? పొట్టొచ్చింది," అంది. మళ్లీ అప్పతో, "మరి నిన్నెవలు పిలిసేరే?"

అప్ప భరిణె మూత పెట్టింది. "నాకు పిలుపు పోయినసారే ఫోన్లో వచ్చింది పిన్నీ. బొమ్మతో సహా."

పిన్నమ్మ నన్ను చూసింది. నేను జీడిపప్పు పొట్లం ఆవిడ ఒళ్లో పెట్టాను. "పెట్టడం తెలుసు," అంది పిన్నమ్మ, "అడగడమే తెలీదు ఈడికి." ఆవిడ నన్ను చూసి పది నిమిషాలు కూడా కాలేదు.

అప్ప నేస్తం ఉండే దీవి ఇంకా పడమరగా ఉంది. అక్కడికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇద్దరూ చిన్నప్పుడు ఉద్దానం తోటల్లో జీడిపళ్లు దొంగిలించిన వాళ్లు. బొట్టు పెట్టడం అయిపోయాక ఇద్దరూ వంటింట్లో కూర్చుని ఎంతసేపు నవ్వుకున్నారో! నేనూ బావా బయట కొబ్బరినీళ్లు తాగుతూ కూర్చున్నాం. లోపల నుంచి నేస్తం గొంతు వినిపించింది. "నువ్వు లేకుండా నానెలాగెల్తానే? ఎవలతోటి ఆడతాను అక్కడ? రాకపోతే సూడు మరి."

అప్ప జవాబు వినిపించలేదు. వినిపిస్తుందేమోనని బోండాం పక్కన పెట్టి మరీ విన్నాను. బావ నా మొహం చూసి, "తాగు బావా, తాగు. మీ అప్ప తొందరగా కరగదు," అన్నాడు.

తిరుగు ప్రయాణానికి బావ నాకు గాలి సంగతి వివరించాడు. పొద్దున్న తోసిన గాలే ఇప్పుడు ఎదురు. నేరుగా పోలేం. దక్షిణంగా వాలుగా కొంత పోవాలి, తర్వాత తిప్పుకుని ఉత్తరంగా కొంత పోవాలి, అలా మెట్లు ఎక్కినట్టు ఎక్కాలి. తెల్లారుజాము నుంచి మెలకువగా ఉన్నాడేమో, కళ్లు వాలిపోతున్నాయి.

"తెడ్డు నాకియ్యి బావా. నాన్న తెప్ప మీద పట్టినవాణ్ణే," అన్నాను.

ఇది పూర్తిగా అబద్ధం కాదు. నాన్న తెడ్డు పట్టుకుంటే ఆ తెడ్డు మీద నేనూ ఒక చెయ్యి వేసేవాణ్ణి.

బావ కాసేపు ఆలోచించి ఇచ్చాడు. "అదిగో, ఆ నల్లరాయి కనపడతందా? అది దాటేదాకా ఇలాగే పోనీ. దాటేక ఇంటివేపు తిప్పాలి. అప్పుడు సాప మార్సాలి, నన్ను లేపు." అని తల కింద లైఫ్ జాకెట్ పెట్టుకుని పడుకున్నాడు. అప్ప అప్పటికే చాప నీడలో కొంగు మొహం మీదికి లాక్కుని పడుకుంది.

ఆ గంట నా జీవితంలో బాగున్న గంటల్లో ఒకటి. తెడ్డు అరచేతిలో కొంచెం కొంచెం వణుకుతోంది. బోటు ఒక పక్కకి ఒరిగి, నీళ్లు చిమ్ముకుంటూ పోతోంది. పలాసలో ఎవరైనా చూస్తే బావుండుననుకున్నాను. నల్లరాయి వచ్చింది. దాటింది. బావని లేపాలి. చూస్తే హాయిగా నిద్రపోతున్నాడు. ఒక్క మలుపుకి లేపడమెందుకు, నాకు రాదా అనుకున్నాను. ఇంటివైపు తిప్పాను.

బోటు ఒక్కసారి మెత్తబడింది. ఒరగడం పోయింది, చిమ్మడం పోయింది. చాప దానంతట అదే నెమ్మదిగా అటు పక్కకి వాలి నిండుకుంది. మార్చాల్సిన పనే లేకుండా పోయింది. నా చేతిలో బోటు ఎంత నెమ్మదిగా నడుస్తోందో అనుకున్నాను. ఎదురుగా కిందికి దిగుతున్న సూర్యుడు, దాని కింద నల్లటి కొండ గీత. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చిన్నప్పుడు వేట నుంచి తిరిగొస్తూ నాన్న అలాగే పెట్టుకునేవాడు. మొహం మీద ఎండ, ఎదురుగా ఒడ్డు. ఇల్లు వచ్చేస్తోందనడానికి అంతకన్నా ఏం కావాలి?

అక్కడే దెబ్బతిన్నాను. మా తీరంలో సముద్రమంటే తూర్పు, ఇల్లంటే పడమర. పుట్టిన దగ్గర్నించీ అంతే. పొద్దున్న సూర్యుడికెదురుగా పోయి, సాయంత్రం సూర్యుడికెదురుగా వచ్చే మనుషులం. నా బుర్రకి అప్ప ఇల్లు తూర్పునుందని తెలుసు. పొద్దున్న అక్కణ్ణుంచే గాలి తోసుకొచ్చిందని తెలుసు. కానీ తిప్పింది బుర్ర కాదు, చెయ్యి. ఆ చేతికి ఇల్లు ఇంకా మా ఊళ్లోనే ఉంది. గాలి వెనక నుంచి వస్తే బోటు ఎవరి చేతిలోనైనా మెత్తగానే పోతుంది. అది నా పనితనమనుకున్నాను. బోటు మెత్తగా పోయేసరికి బావకి నిద్ర ఇంకా బాగా పట్టింది.

కొబ్బరిచెట్లు విడివిడిగా కనబడుతుండగా దర్జాగా అన్నాను, "లే బావా, రేవొచ్చింది."

బావ లేచాడు. ముందు చాప వైపు చూశాడు. తర్వాత సూర్యుణ్ణి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏ రేవు బావా?"

"మన రేవే."

బావ కొయ్య పట్టుకుని, కూర్చుని, మళ్లీ లేచి, కడుపు పట్టుకుని నవ్వాడు. "మన రేవే! నిజమేరా బావా! ఆ పెద్ద దీవి మజ్జిలో అడ్డొచ్చింది గానీ, నేకపోతే ఇలాగే వారం పోతే భావనపాడు రేవులోనే దిగుదుము!"

అప్ప కొంగు తీసి లేచి కూర్చుంది. చుట్టూ చూసింది. నవ్వలేదు.

"ఏటి సేసేవురా?"

"గాలి తిరిగింది లేవే," అన్నాడు బావ వెంటనే, నాకు కన్ను కొట్టి. "ఈడేటి సేత్తాడు?"

ఆ మాట పట్టుకుంటే సరిపోయేది. మామూలుగా అయితే పట్టుకునేవాణ్ణే. టికెట్లు దొరకలేదనే మాట కూడా ఇలాగే, ఎవరో అందించినట్టుగా నోట్లోకి వచ్చింది. కానీ ఎదురుగా అప్ప కొంగుకి ఆ భరిణె ముడి వేలాడుతోంది.

"గాలి తిరగలేదు అప్పా. నేనే తిప్పాను. బావ లేపమన్నాడు, లేపలేదు. ఇల్లు ఇటే అనుకున్నాను."

అప్ప నావైపు తిరిగింది. "ఇటే అని ఎవల్నైనా అడిగేవా?"

"లేదు."

"ఊఁ," అంది. అంతే. నాకు ఆ "ఊఁ" అర్థం కాలేదు. పని చెడిపోయిందనే అనుకున్నాను.

నీళ్లు వెనక్కి తీసేస్తున్నాయని, చీకట్లో రాళ్ల మీదికి పోతే బోటు చిరిగిపోతుందని బావ అన్నాడు. ఇంజనుతో కూడా ఇప్పుడు పోకూడదు. తెల్లారి పోటొచ్చాక పోదామని బోటుని ఆ పరాయి ఒడ్డుకే చేర్చి, మా రేవుకి ఫోను చేద్దామంటే సిగ్నల్ లేక, అటుగా పోతున్న, వాకీ టాకీ ఉన్న ఒక బోటువాడితో కబురు చెప్పించాడు.

అది కొబ్బరితోట. కాపలా ఉన్న బెంగాలీ కుటుంబం ఇల్లు ఒక్కటే ఉంది. వాకిట్లో వల బాగుచేస్తున్న మొగుడు, పొయ్యి ఊదుతున్న పెళ్లాం. మమ్మల్ని చూసి వాళ్లు ఎందుకొచ్చారని కూడా అడగలేదు. ఆవిడ బియ్యం ఇంకో రెండు గుప్పిళ్లు కడిగింది. మా అప్ప వెళ్లి పొయ్యి దగ్గర కూర్చుని చేపలు తోమడం మొదలెట్టింది. కాసేపటికి ఆ ఇద్దరూ ఎన్నాళ్లనించో ఎరిగిన వాళ్లలా హిందీలో కబుర్లలో పడ్డారు. అప్ప హిందీ ఆడా మగా తేడా లేకుండా, మా ఊరి రాగంతో సాగుతుంది. ఆవిడ హిందీ కూడా అలాంటిదే, బెంగాలీ రాగంతో. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలుస్తూనే ఉంది.

నేను కాస్త దూరంగా, బోర్లించిన పడవ మీద కూర్చున్నాను. వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. ఇక అప్పని మళ్లీ అడగడం ఎలాగా అని ఆలోచిస్తున్నాను. ఊళ్లో ఏం చెప్పాలా అని కూడా ఆలోచించాను. నిజమే చెబుదామని నిర్ణయించుకున్నాను. "మా అప్ప రానంది. నేను సరిగ్గా పిలవలేదు." ఆ రెండు ముక్కలూ నోట్లో అనుకుని చూశాను. చేదుగా ఉన్నాయి గానీ, మింగుడుపడుతున్నాయి.

అప్పుడే ఆ బెంగాలావిడ నావైపు గరిటె చూపించి, వీడెవరని అడిగింది.

"మేరా ఛోటా భాయ్," అంది అప్ప. తర్వాత ఆ హిందీలోనే, చేప పొలుసు తీస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. మా ఊళ్లో అమ్మవారి పూజ ఉందని, దానికి తనని పిలవడానికి తమ్ముడు అంత దూరం నుంచి వచ్చాడని.

పిలవడానికి వచ్చాడు. ఆ మాట అప్ప నాతో అనలేదు, పిన్నమ్మతో అనలేదు, నేస్తంతో అనలేదు.

మరి వెళ్తున్నావా అని అడిగింది ఆవిడ.

"జానా పడేగా," అంది అప్ప. తప్పదుగా మరి. వేలికంటిన పొలుసు దులుపుకుని, తలతో నన్ను చూపించి, ఇంకా చెప్పింది: వీడికి దారి తెలీదు, ఒక్కణ్ణీ పంపిస్తే ఏ దేశంలో తేల్తాడో, నేను తీసుకెళ్లి ఇంట్లో దిగబెట్టాలి.

ఆవిడ పగలబడి నవ్వింది. వల పక్కన కూర్చున్న ఆమె మొగుడూ నవ్వాడు. మా బావైతే ఇసకలో వెల్లకిలా పడిపోయాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాను. పొయ్యి పొగ అటువైపు రావడంలేదు కాబట్టి, పొగ అని కూడా అనడానికి లేదు.

అన్నాలయ్యాక బెంగాలావిడ లోపలికెళ్లి సిందూరం తెచ్చి, వాళ్ల పద్ధతిలో అప్ప పాపిట్లో దిద్ది, నుదుట బొట్టు పెట్టింది. ఇంటికొచ్చిన ముత్తైదువకి వాళ్లూ అలాగే చేస్తారట. అప్ప కూడా కొంగు ముడి విప్పి, మా ఇంటి కుంకుమ ఆవిడకి పెట్టింది. దాన్ని పిలుపంటారో, ఏమంటారో నాకు తెలీదు. పద్ధతి ప్రకారం అప్పకి మా ఇంటి బొట్టు ఇంకా అందలేదు. పలాసలో రైలు దిగగానే మా ఆవిడ ప్లాట్‌ఫాం మీదే పెట్టాలని అప్ప షరతు పెట్టింది. ఆ షరతుకి నేను తల ఊపితే, "నువ్వు కాదు, దాన్ని అడిగి సెప్పు," అంది.

తెల్లారి పోటు నిండాక బోటు నీళ్లలోకి తోశాం. ఈసారి తెడ్డు బావ పట్టుకున్నాడు. నన్ను ముందు కూర్చోబెట్టి, రాళ్లు కనబడితే చెయ్యెత్తమన్నాడు. ఎదురుగాలికి బోటు మెట్లు ఎక్కడం మొదలెట్టింది. తుంపర్లు మొహం మీద కొడుతుంటే అప్ప సిందూరం కారకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. చాలాసేపు ఏదో లెక్కలు వేసుకుంటున్నట్టు కూర్చుని, ఉన్నట్టుండి అరిచింది.

"ఒరేయ్, ఓడలో నాకు కింది బంకు సూడు. పైది నానెక్కలేను. పిన్నికి కూడా కిందిదే."

"అలాగే అప్పా," అన్నాను. మళ్లీ ఒక్క క్షణం ఆగి అడిగాను. "పెట్టెలు ఒకటా, రెండా?"

"రెండు," అంది. "ఒకదాన్నిండా ఎండుచేపలే. మూత బిగించి కడతాను, ఓడోళ్లని అడగొద్దని సెప్పు."